ఆగస్టులో వరి మడి కూడా చెరువే: కొల్లేరు పక్క భూముల మ్యాప్ చేయడం ఎలా

కైకలూరు వైపు ఏది వరో, ఏది చేపల చెరువో శాటిలైట్ ఫొటోతో తేలుద్దామని మొదటిసారి కూర్చున్నప్పుడు ఆగస్టు ఫొటో ఒక్కటే తీసుకున్నాను. మ్యాప్ చూసి మా బాబాయి "మన పొలం చెరువు ఎప్పుడు చేశార్రా?" అన్నాడు. దమ్ము చేసి నాట్లేసిన మడి నిండా నీళ్లే కదా, పైనుంచి చూస్తే అదీ చెరువులాగే ఉంటుంది.

కాబట్టి కనీసం మూడు తేదీలు తీసుకోండి: ఆగస్టు, అక్టోబరు చివర, డిసెంబరు. వరి మడి మొదట నీళ్లు, తర్వాత పచ్చదనం, కోత అయ్యాక మోళ్లు. చెరువు మూడుసార్లూ నీళ్లే. ఎండాకాలం ఫొటో మాత్రం వద్దు, చెరువులు ఎండగడతారు, అవి బీడు భూముల్లో కలిసిపోతాయి.

యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్ ఫొటోలు ఉచితం, పిక్సెల్ (ఫొటోలో ఒక్కో చుక్క) నేల మీద 10 మీటర్ల చదరం, అంటే ఎకరానికి దాదాపు 40 పిక్సెళ్లు. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ శాటిలైట్‌లో 30 మీటర్లు కాబట్టి ఎకరానికి నాలుగైదే వస్తాయి, మన చిన్న కమతాలకి అది చాలదు. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో (శాటిలైట్ ఫొటోల మీద ఆన్‌లైన్‌లోనే లెక్కలు చేసుకునే చోటు) ఒక్కో తేదీకి ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనం ఎంతుందో చెప్పే అంకె, లెక్కేయండి: బ్యాండ్ 8 (కంటికి కనపడని పరారుణ కాంతి)లోంచి బ్యాండ్ 4 (ఎరుపు కాంతి) తీసేసి, వచ్చినదాన్ని ఆ రెండిటి మొత్తంతో భాగించడమే. మూడు తేదీలవీ ఒకదాని మీద ఒకటి పేర్చండి. ఆగస్టులో మబ్బుల వల్ల మంచి ఫొటో దొరక్కపోతే టెన్షన్ పడకండి, సెంటినెల్-1 అనే ఇంకో శాటిలైట్‌లోని రాడార్ మబ్బుల్లోంచి కూడా చూస్తుంది.

అసలు పని శాంపిల్స్ దగ్గర ఉంది. వరి, చెరువు, కొబ్బరి తోట, ఊరు, ఇలా ఒక్కో రకానికి ఒక యాభై చోట్లయినా గుర్తించి ర్యాండమ్ ఫారెస్ట్‌కి (ఉదాహరణలు చూసి నేర్చుకుని, మిగతా నేల ఏ రకమో చెప్పే ప్రోగ్రాం) ఇవ్వండి. మూడో వంతు పరీక్షకి పక్కన పెట్టండి, కానీ ఒకే చెరువులోంచి నేర్పడానికి కొన్ని, పరీక్షకి కొన్ని పాయింట్లు తీయకండి. చూసి రాసిన పరీక్షలా మార్కులు బాగానే వస్తాయి, కానీ పక్క ఊళ్లో మ్యాప్ తప్పుతుంది.

తర్వాత బండేసుకుని వెళ్లి చూసి రండి. నా మ్యాప్‌లో వరి అని పచ్చగా వచ్చిన ఒక పెద్ద ముక్క, తీరా వెళ్తే గుర్రపుడెక్క. దానికి వేరే క్లాసు పెట్టి మళ్లీ రన్ చేశాను.