సంస్థలో అంబుడ్స్‌మన్‌కు శిక్షణ ఇచ్చే విధానం: ముందుగా మాన్పించాల్సింది తీర్పు చెప్పే అలవాటు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటో, గ్రానైట్ కర్మాగారమో తన ఉద్యోగుల గోడు గోప్యంగా విని దారి చూపే అంబుడ్స్‌మన్‌ను నియమించుకోదలిస్తే, యాజమాన్యం చూపు సహజంగానే ఊళ్లో నాలుగు పంచాయితీలు తీర్చి పెద్దమనిషిగా పేరు తెచ్చుకున్న ఉద్యోగి మీద పడుతుంది. ఆ ఎంపికలో తప్పు లేదు, జనం నమ్మే మనిషే ఆ కుర్చీలో ఉండాలి. అయితే పెద్దమనిషి ఇరుపక్షాల మాటా విని తీర్పు చెబుతాడు. సంస్థాగత అంబుడ్స్‌మన్ తీర్పు చెప్పడు, విచారణ జరపడు, ఎవరినీ శిక్షించమని సిఫారసు చేయడు. అందుకే శిక్షణ కాలంలో సగం ఈ పాత అలవాటును మాన్పించడానికే కేటాయించాలని నా అభిప్రాయం.

2005లో ఏర్పడిన ఇంటర్నేషనల్ అంబుడ్స్ అసోసియేషన్ ఈ వృత్తికి స్వతంత్రత, నిష్పాక్షికత, గోప్యత, అనధికార పద్ధతి (లాంఛనాలు, విచారణలు లేకుండా పనిచేయడం) అనే నాలుగు సూత్రాలను ప్రమాణంగా పెట్టింది. వీటిని బట్టీ పట్టిస్తే చాలదు. స్వతంత్రత అంటే హెచ్‌ఆర్ విభాగం కింద పనిచేయకపోవడమని, నేరుగా సంస్థ అధిపతికే జవాబుదారీగా ఉండడమని నియామక పత్రంలోనే రాయించుకోవడం నేర్పాలి. పేరొకటే కావడం వల్ల వచ్చే గందరగోళాన్నీ మొదటి రోజే తొలగించాలి: విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023 నిబంధనల కింద విశ్వవిద్యాలయాల్లో ఉండే అంబుడ్స్‌పర్సన్ విద్యార్థుల అప్పీళ్లు విని నిర్ణయం చెప్పే అధికారి, ఆ పని వేరు.

తర్వాత వినడం నేర్పాలి. ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి, ఒకరిని కార్మికురాలిగా, ఒకరిని అంబుడ్స్‌మన్‌గా, మూడోవారిని పరిశీలకులుగా ఉంచండి. రొయ్యల తలలు తీసే షెడ్డులో పనిచేసే మహిళ వచ్చి, "తూకంలో రోజూ కోత పడుతోంది సార్, అడిగితే రేపటి నుంచి రావద్దంటారేమో" అంటుంది. శిక్షణకు వచ్చినవారు చాలామంది వెంటనే, "ఆ సూపర్‌వైజర్ ఎవరు, నేను మాట్లాడతాను" అంటారు. ఆ ఒక్క మాటతో ఆమె నోరు మూతపడుతుంది. ముందుగా చెప్పవలసింది వేరే ఉంది: "మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా బయటికి పోదు, ఎవరి ప్రాణానికైనా ముప్పు ముంచుకొస్తే తప్ప." ఆ తర్వాత "మీరేం జరగాలనుకుంటున్నారు?" అని అడిగి, ఆమె ఆలోచించుకునేదాకా మౌనంగా ఉండాలి. పదిహేను నిమిషాల్లో ఎన్నిసార్లు సలహా ఇచ్చారో, ఎన్నిసార్లు మాటకు అడ్డం వచ్చారో పరిశీలకుడు గీతలు గీసి లెక్క చెప్పాలి. ఆ గీతలు తగ్గేదాకా ఈ అభ్యాసం ఆపకండి. ఒడిశా నుంచి వచ్చిన కార్మికులున్న చోట మేస్త్రీని దుబాసీగా పెట్టుకోకూడదని కూడా చెప్పాలి, ఎందుకంటే ఫిర్యాదు ఆ మేస్త్రీ మీదే కావచ్చు.

చట్టం తెలియకపోతే ఈ మంచితనమే చేటు చేస్తుంది. అంబుడ్స్‌మన్‌తో మాట్లాడడం సంస్థకు ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు. 2013 నాటి చట్టం ప్రకారం లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీకి మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. గదిలో కూర్చుని ఓదారుస్తూ ఆ గడువు దాటిపోనిస్తే బాధితురాలికి తీరని నష్టం జరుగుతుంది. కనుక ఏ సమస్యకు ఎక్కడికి వెళ్లాలో, ఎంత గడువుందో తెలిపే పట్టికను శిక్షణార్థి చేతనే తయారు చేయించి, ఏటా సరిచూడమనండి.

చివరిగా నివేదిక రాయించండి. గోప్యత ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. మాటల సందర్భంలో రాసుకున్న కాగితాలను పని ముగియగానే చింపేయాలి. అధిపతికి వెళ్లేది ధోరణులు మాత్రమే. పన్నెండు మంది పనిచేసే విభాగం గురించి "ఇటీవల చేరిన ఒక మహిళ" అని రాస్తే పేరు రాసినట్టే. "తూకం, కూలి లెక్కలపై పలు విభాగాల్లో అసంతృప్తి ఉంది" అని రాసి, ఆ షెడ్డు సంగతి తెలిసిన మరొకరి చేత చదివించి, ఎవరి గురించో వారు గుర్తుపట్టగలిగితే తిరిగి రాయమనాలి.