గేదెలు ఈనే సీజన్‌కి ముందు డెయిరీ ఫామ్‌లో పనివాళ్ల గురించి చూసుకోవాల్సినవి

వానలు పడ్డాక గేదెలు వరసగా ఈనడం మొదలవుతుంది. డిసెంబర్ దాకా ఫామ్‌లో ఊపిరాడదు. దాణా, కాల్షియం బాటిళ్లు అందరూ ముందే తెచ్చిపెట్టుకుంటారు. పనివాళ్ల గురించి మాత్రం సీజన్ మీద పడ్డాకే గుర్తొస్తుంది.

ముందు నిద్ర సంగతి తేల్చండి. తెల్లవారుజామున పాలు తీసే మనిషినే రాత్రంతా చూడి గేదె దగ్గర కాపలా పెట్టొద్దు. పెట్టాల్సి వస్తే మర్నాడు చాఫ్ కట్టర్ దగ్గరికి రానివ్వొద్దు. కునుకుపాటున గడ్డి తోస్తే చెయ్యి కూడా లోపలికి పోతుంది. వంతులు, సెలవులు, రాత్రి కాపలాకి అదనంగా ఇచ్చే డబ్బులు ఇప్పుడే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది, పనివాడు మీకు భయపడి ఏదీ దాచకుండా చూసుకోవడం. అర్ధరాత్రి ఏడో నెల గేదె ఈసుకుపోయిందనుకోండి, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయిందనుకోండి. యజమాని తిడతాడనో, జీతంలో కోస్తాడనో భయపడితే కుర్రాడు ఏం చేస్తాడు? పిండాన్ని, మాయని ఉత్త చేతులతో ఎత్తి పేడదిబ్బ మీద పడేస్తాడు. కుక్కలు లాక్కెళ్తాయి. అలా ఈసుకుపోవడానికి కారణం బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి మనుషులకీ సోకే బ్యాక్టీరియా జబ్బు) అయితే మిగతా గేదెలకీ, ఆ కుర్రాడికీ అంటుకోవచ్చు. అందుకే ‘ఏ టైమైనా సరే ఫోన్ చెయ్యి, పైసా కొయ్యను’ అని ముందే మాటివ్వండి, దాని మీద నిలబడండి. మొదటిసారి చెప్పినప్పుడు మీరు అరిస్తే, రెండోసారి ఎవరూ చెప్పరు. బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లుంటే వాళ్ల భాష వచ్చినవాళ్లతో చెప్పించండి.

భుజం దాకా వచ్చే గ్లౌజులు, గంబూట్లు, సబ్బు షెడ్డులోనే చేతికందేలా ఉండాలి, మీ బీరువాలో కాదు. మాయ పడకపోతే చెయ్యి పెట్టి లాగొద్దని గట్టిగా చెప్పండి, పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి ఫోన్ చేయించండి. ఈసుకుపోతే డాక్టర్ చూశాకే పిండాన్ని లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. కొత్తగా చేరినవాణ్ని ఈనే గేదె దగ్గర ఒంటరిగా వదలొద్దు. దూడ జోలికొస్తే అప్పుడే ఈనిన తల్లి ఎంత సాధువైనా పొడుస్తుంది.

తడి షెడ్డులో మోటారు వైర్లు ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

ఎవరికైనా వారాల తరబడి జ్వరం వస్తూ పోతూ, చెమటలు, కీళ్ల నొప్పులు ఉంటే మాత్రలతో సరిపెట్టొద్దు. మీరే ఆస్పత్రికి తీసుకెళ్లి, పశువుల దగ్గర పని చేస్తాడని డాక్టర్‌కి చెప్పండి. బ్రూసెల్లా పరీక్ష చేయాలేమో అడగండి. ఆ రోజుల జీతం మాత్రం ఆపకండి.