పోయింది డిస్కు కాదు, బిళ్ళ బ్యాటరీ

అమలాపురంలో మా డెస్క్‌టాప్ వారంగా మొరాయిస్తోంది. ఆన్ చేస్తే నల్ల తెర మీద బూట్ డివైస్ (కంప్యూటర్ స్టార్ట్ అవ్వాల్సిన డిస్కు) లేదన్న మెసేజ్. హార్డ్ డిస్క్ పోయింది, కొత్తది కొనేద్దామన్నాడు తమ్ముడు. ఆగరా అని బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్తే డిస్కు పేరు చక్కగా కనిపిస్తోంది! తేదీ మాత్రం 2012 జనవరి 1. అంటే కరెంటు పోయినప్పుడల్లా (వానాకాలం మా కోనసీమ సంగతి తెలిసిందేగా) సెట్టింగులు చెరిగిపోతున్నాయన్నమాట.

ప్లగ్ పీకి, కరెంటు లేనప్పుడు ఆ సెట్టింగుల్ని కాపాడే సీఆర్2032 బిళ్ళ బ్యాటరీని మదర్‌బోర్డు మీంచి తీసి మల్టీమీటర్ పెట్టాను. 3 వోల్టులు ఉండాల్సింది, 2.3 చూపించింది. కొత్తది వేశా. అయినా బూట్ కాలేదు, కాసేపు టెన్షన్. చూస్తే బూట్ మోడ్ (కంప్యూటర్ స్టార్ట్ అయ్యే పద్ధతి) పాతదైన లెగసీకి మారిపోయి ఉంది. మా విండోస్ ఉన్నదేమో జీపీటీ అనే కొత్త తరహా డిస్కులో, లెగసీలో అది బూట్ కాదు. కొత్త పద్ధతి యూఈఎఫ్‌ఐ పెట్టి సేవ్ చేయగానే విండోస్ వచ్చేసింది.

తమ్ముడు ఇంకా ఎస్‌ఎస్‌డీ ధరలు చూస్తూనే ఉన్నాడు.