ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళకు చుట్టుపక్కల మీద ధ్యాస తగ్గుతుంటే: ఇంట్లో ఎలా గమనించాలి, ఏం చేయాలి

నేను ఫిజియోథెరపిస్టుని. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళకు వెళ్ళి వ్యాయామాలు చేయిస్తాను. మా వైపు పిల్లలంతా అమెరికాలోనో, బెంగళూరులోనో స్థిరపడి, అమ్మో నాన్నో ఒక్కరే ఉంటున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులని నన్ను పిలుస్తారు. నేను మాత్రం ముందు భుజాలు, మోచేతులు, తుంటి పక్కలు చూస్తాను. అక్కడ కమిలిన మచ్చలుంటే ఆ మనిషి గుమ్మాలకు, బల్ల మూలలకు, మంచం కోళ్ళకు తగులుకుంటున్నారన్నమాట. అడిగితే ఎప్పుడు తగిలిందో కూడా చెప్పలేరు.

ఇంట్లోవాళ్ళు దీన్ని వయసు మీదికి తోసేస్తారు, లేదా మతిమరుపులో కలిపేస్తారు. కళ్ళు బాగుండి, కాళ్ళల్లో సత్తువ ఉండి కూడా ఇలా జరుగుతోందంటే, చుట్టూ ఏముందో కనిపెట్టుకుని ఉండే ధ్యాస తగ్గిపోయిందేమోనని చూడాలి. రోజుల తరబడి మనిషి మొహం చూడకుండా గడపడం వల్ల వచ్చే ఒత్తిడి దానికి ఒక కారణం కావచ్చు. అలాంటివాళ్ళకు పిల్లలు జ్ఞాపకశక్తి మాత్రలు, ఫోన్లో మెదడు ఆటలు పంపిస్తుంటే నాకు బాధేస్తుంది. వాళ్ళకు ముందు కావాల్సింది పక్కన ఒక మనిషి, నడవడానికి రోజూ ఉండేది కాని దారి.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. ఒక పక్కనే, ముఖ్యంగా ఎడమ పక్కన ఉన్నవి ఉన్నట్టుండి పట్టించుకోవడం మానేస్తే, కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తే, ఎడమ చెయ్యి చొక్కాలో దూర్చడం మరిచిపోతే, మూతి వంకర పోయినా మాట తడబడినా, అది పక్షవాతం కావచ్చు. ఇది చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. ఆ లోపల స్కాన్ కూడా అయిపోవాలి. ‘పొద్దున చూద్దాంలే’ అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

నెమ్మదిగా వచ్చిన మార్పైతే మొదట కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నీటికాసులు, అంటే గ్లాకోమా, పక్క చూపును చడీచప్పుడు లేకుండా తినేస్తుంది. ఎదురుగా ఉన్న పేపరు బాగానే చదువుతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. శుక్లాలు, చెవుడు, బీపీ మాత్రల వల్ల తల తిరగడం, బీ12 విటమిన్ తగ్గడం, నిద్ర మాత్రలు: ఇవన్నీ డాక్టరు చూసి కాదన్నాకే ఒంటరితనం దాకా రావాలి.

ఒంటరితనానికీ గుమ్మానికి తగులుకోవడానికీ సంబంధమేమిటని చాలామంది అడుగుతారు. దీని మీద మంచి పరిశీలన ఒకటి అంటార్కిటికాలో జరిగింది. అక్కడ జర్మనీవాళ్ళ నోయ్‌మయర్ 3 అనే కేంద్రంలో 14 నెలలు గడిపిన 9 మందిని అలెగ్జాండర్ స్టాన్ అనే శాస్త్రవేత్త బృందం పరిశీలించింది. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ వివరాలు వచ్చాయి. ఎక్కడ ఏముందో, ఎటు నుంచి ఎటు వెళ్ళాలో లెక్క ఉంచుకునే హిప్పోక్యాంపస్ అనే భాగం మెదడులో ఉంది. అందులో డెంటేట్ గైరస్ అనే చిన్న మడత వాళ్ళల్లో సగటున 7 శాతం దాకా తగ్గింది. మెదడు కణాలకు ఆసరాగా ఉండే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ కూడా రక్తంలో పడిపోయింది. మడత ఎక్కువ తగ్గినవాళ్ళే స్థలానికి సంబంధించిన పరీక్షల్లో, అక్కర్లేనివి పక్కనబెట్టి కావాల్సినదాన్నే పట్టుకోవాల్సిన పరీక్షల్లో వెనకబడ్డారు.

తొమ్మిదిమందిని చూసి లోకమంతా ఇంతే అనలేం. పైగా అక్కడ మనుషులు కరువు, చూడ్డానికి మంచు తప్ప మరేమీ లేదు. రెండింట్లో ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పడం కుదరదు. కానీ ఒంటరిగా ఉన్న మన పెద్దవాళ్ళ ఇంట్లోనూ ఆ రెండూ కలిసే ఉంటాయి. మాట్లాడే మనిషి ఉండరు. మంచం, కుర్చీ, టీవీ, వంటిల్లు దాటి కళ్ళకు కొత్తగా కనిపించేదీ ఉండదు. అందుకే ఆ పరిశీలన నాకు దగ్గరగా అనిపిస్తుంది.

ఒత్తిడి ఎక్కువ రోజులుంటే కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువగా ఊరుతుంది. దాన్ని అందుకునే గ్రాహకాలు హిప్పోక్యాంపస్‌లో చాలా ఉంటాయి కాబట్టి దెబ్బ కూడా అక్కడ గట్టిగా తగులుతుంది. ఒత్తిడిలో మనిషి పట్టించుకునే సంగతుల సంఖ్య తగ్గిపోతుందని, అంచుల్లో ఉన్నవి ముందు జారిపోతాయని ఈస్టర్‌బ్రూక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లోనే రాశాడు. దానికి తోడు ఒంటరిగా ఉన్నవాళ్ళ మనసు ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటుంది. చెవి గేటు దగ్గర, కన్ను ఫోను మీద. ఇక గుమ్మం అంచు చూసుకునే ధ్యాస ఎక్కడిది?

ఇంట్లో చూసుకునే పద్ధతులు చెబుతాను. ఇవి జబ్బు తేల్చవు, డాక్టరుకు చూపించాలా వద్దా అన్నది మాత్రం తెలుస్తుంది.

ఒక తెల్ల కాగితం అడ్డంగా పెట్టి 20 సెంటీమీటర్ల గీత గీయండి. కాగితాన్ని మనిషి ఛాతీ నడిమికి ఎదురుగా, బల్ల మీద జరగకుండా పెట్టి, స్కేలు లేకుండా కళ్ళతోనే సరిగ్గా నడుమ గుర్తు పెట్టమనండి. ఇలా నాలుగైదు కాగితాలు చేయించండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా చాలామంది అసలు నడిమికి కొద్ది మిల్లీమీటర్లు ఎడమగా పెడతారు. చేత్తో తడిమి నడుమ కనుక్కునే పరీక్షలో ఇలాంటి మొగ్గునే చూసి బవర్స్, హైల్‌మన్ అనేవాళ్ళు 1980లో రాశారు. మన చుట్టూ ఉన్న స్థలం మీద ధ్యాసను కుడి మెదడు ఎక్కువగా నడిపిస్తుంది, అది ఎడమ పక్కకు కాస్త మొగ్గుతుంది. కాబట్టి కొంచెం ఎడమకు పోతే కంగారు పడొద్దు. ప్రతిసారీ సెంటీమీటరు, అంతకంటే ఎక్కువ కుడికి పోతుంటే మాత్రం న్యూరాలజిస్టుకు చూపించండి.

రెండోది పాత న్యూస్ పేపరుతో. అర పేజీ ఇచ్చి, కనిపించిన ప్రతి ‘క’ మీదా గీత కొట్టమనండి. గుణింతాలు అక్కర్లేదు, ఉత్త ‘క’ చాలు. తొందర పెట్టొద్దు. వదిలేసిన అక్షరాలు ఎక్కడున్నాయో మీరు ఎర్ర పెన్నుతో చుట్టండి. చెల్లాచెదురుగా ఉంటే అలసట కావచ్చు. అన్నీ ఒక పక్కనే ఉంటే డాక్టరుకు చూపించాలి, ఆలస్యం చేయొద్దు. రెండు అంచులూ, పై మూలలూ వదిలేసి నడుమ భాగం మాత్రం సరిగ్గా కొట్టారంటే ధ్యాస ముడుచుకుంటోందని నేను అనుమానిస్తాను. అప్పుడు కళ్ళ పరీక్ష మరోసారి చేయిస్తాను.

నాకు తెలిసిన ఒక లెక్కల మాస్టారు ఇదే చేశారు. భార్య పోయారు, కూతుళ్ళిద్దరూ దూరాన ఉన్నారు. పేపరు నడుమ ఒక్క ‘క’ కూడా వదల్లేదు. రెండు చివరల వరుసల్లో ఒక్కటీ కొట్టలేదు. పెన్ను మూతపెట్టి, “అయిపోయిందమ్మా, చూసుకో” అన్నారు. “మాస్టారూ, ఈ అంచులో ఏమన్నా ఉన్నాయేమో చూడండి” అని వేలు పెట్టి చూపిస్తే, ఒక్కసారిగా అన్నీ కనిపించాయి. టకటకా కొట్టేశారు. కన్ను పని చేస్తోంది, ధ్యాస అక్కడిదాకా పోవడం లేదు. నేను చెప్పిన ఈ తేడా చూడ్డానికి వేలు పెట్టి చూపించడం తప్పనిసరి. చూపించినా కనిపించకపోతే అది కంటి సంగతి కావచ్చు. చూపిస్తే కనిపించినంత మాత్రాన కళ్ళ పరీక్ష మానొద్దు.

ముగ్గు వేసే అలవాటున్న ఆడవాళ్ళకు కాగితాలు అక్కర్లేదు. చుక్కలు పెట్టమని పక్కన నిలబడండి. సందు చుక్క ముగ్గులో అంచు వరుసలు కుదరకపోవడం, గీత తిప్పేటప్పుడు చివరి చుక్క వదిలేయడం ఇదివరకు లేకుండా ఇప్పుడు కనిపిస్తోందా అన్నది చూసుకోండి. మా పిన్నిగారొకరు పెద్ద ముగ్గులు మానేసి గుమ్మంలో చిన్న నక్షత్రం వేసి ఊరుకుంటుంటే, “ఓపిక లేదే” అన్నారు. కూర్చోబెట్టి వేయిస్తే తెలిసింది, చుక్కలు కుదరక మానేశారని.

మూడోది నడక. పక్కన నడుస్తూ మామూలుగా ఏదైనా అడగండి. జవాబు చెప్పడానికి ఆగిపోతున్నారా? నడుస్తూ మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆగిపోయే పెద్దవాళ్ళు ఎక్కువగా పడుతుంటారని స్వీడన్‌లో చూసి 1997లో లాన్సెట్‌లో రాశారు. అలాంటివాళ్ళతో మెట్ల మీద, రోడ్డు దాటేటప్పుడు మాట్లాడొద్దు.

ఇక చేయాల్సినవి. మొట్టమొదటిది, రోజూ ఒకే వేళకు వచ్చే మనిషిని కుదర్చండి. పనిమనిషి వచ్చి గిన్నెలు తోమి వెళ్ళడం ఇందులోకి రాదు. కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. మాస్టారికి పక్కింటి పిల్లలిద్దరు సాయంత్రం లెక్కలు చెప్పించుకోవడానికి రావడం మొదలుపెట్టారు. తర్వాత వాళ్ళతో కలిసి కాలవ గట్టు దాకా నడవడం అలవాటైంది. కొన్ని నెలలకు ఆయన భుజం మీద కొత్త మచ్చలు కనిపించలేదు, పేపరు అంచుల్లో కూడా గీతలు పడుతున్నాయి. ఒక్క మనిషి సంగతి చెప్పి ఇదే మందు అనను. కానీ డబ్బు పెట్టి కొనే ఏ మందుకంటే కూడా ముందు ఇది చేసి చూడమంటాను.

నడక దారి మార్చాలి. ఒకరోజు గుడి వైపు, ఒకరోజు రైతు బజారు వైపు, ఇంకోరోజు బస్టాండు వైపు. తోడు వెళ్ళేవాళ్ళు ఎడమ పక్కన ఒకసారి, కుడి పక్కన ఒకసారి నడుస్తూ, “ఆ మేడ మీద ఏం ఆరేశారో చూశారా”, “అటు పక్క కొట్టు కొత్తగా పెట్టారా” అని చూపు పక్కలకు మళ్ళించాలి. బజార్లో బేరమాడనివ్వండి. కూరగాయల రాశులు అటూ ఇటూ చూడటం, తోసుకొచ్చే బళ్ళను తప్పుకోవడం, చిల్లర లెక్కపెట్టడం ఒకేసారి జరుగుతాయి. ఇంత మంచి వ్యాయామం నా చేతుల్లో కూడా లేదు. వీధి కుక్కల బెడద ఉన్నచోట మాత్రం చేతికర్ర, తోడు తప్పనిసరి.

ఇంట్లో కూర్చుని ఆడేదైతే అష్టాచెమ్మా, పులి-మేక. గడి మూలల్లో ఎవరి కాయ ఎక్కడుందో చూసుకుంటూ ఉండాలి, పైగా ఎదురుగా ఇంకో మనిషి ఉండాల్సిందే. అందుకే ఫోన్లో ఆడే ఆటను దీనికి బదులు పెట్టొద్దు.

దూరాన ఉన్న పిల్లలు ఫోన్ చేసే తీరు కూడా మార్చుకోవాలి. “తిన్నావా, మందులేసుకున్నావా” అని అడిగి పెట్టేస్తే ఆ రోజంతటికీ వాళ్ళ మాటలు రెండే. ఎండాకాలంలో డల్లాస్‌లో రాత్రి 8 అయితే ఇక్కడ ఉదయం 6.30. అప్పుడు వీడియో కాల్ చేసి, అమ్మను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురింటి గోడ దగ్గర నుంచి వీధి చివరిదాకా ఏమేం కనిపిస్తున్నాయో చెప్పించుకోండి. ఫోను పట్టుకుని నడవమనొద్దు, పడిపోతారు.

ఇల్లు ఒక్కసారిగా సర్దెయ్యకండి. సంక్రాంతికి వచ్చిన పిల్లలు సోఫా మార్చి, కొత్త టీపాయ్ కొని వెళ్ళిపోతారు. పెద్దవాళ్ళ కాళ్ళు పాత లెక్కలోనే నడుస్తాయి. మార్చాల్సివస్తే మీరున్న రోజుల్లోనే మార్చి, చీకట్లో కూడా వాళ్ళతో కలిసి తిరిగి చూడండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు పెట్టండి. గుమ్మాల అంచులకు ముదురు రంగు పట్టీ వేయండి. అవసరమైనవన్నీ కుర్చీకి చేతి దూరంలో పేర్చేయడం ప్రేమతోనే చేస్తారు, దానివల్ల వాళ్ళు చూసే మేర ఇంకా చిన్నదవుతుంది. నీళ్ళ చెంబు, కళ్ళద్దాలు దగ్గర ఉంచి, మిగతావి లేచి వెళ్ళి తెచ్చుకునేలా వదిలేయండి.

ఊళ్ళో ఎవరూ లేకపోతే పెద్దల సహాయానికి 14567 ఉంది. దిగులు, నిద్రలేమి బాగా ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. పేపరు పరీక్ష నెలకోసారి, వేరే పేజీతో, అదే వెలుతురులో చేయించి, తేదీ వేసి దాచండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితాలన్నీ వెంట తీసుకెళ్ళండి.