పిల్లల ఎక్స్‌రేలు మళ్లీ మళ్లీ తీయించకుండా

డాక్టర్ మారినప్పుడల్లా మావాడికి మళ్లీ ఎక్స్‌రే. పాతదేమో బీరువా మీద ఎక్కడో చుట్ట చుట్టుకుపోయి ఉండేది. ఇప్పుడు తీయించిన రోజే ఫిల్ము కవరు మీద మార్కర్‌తో తేదీ, ఏ భాగమో రాసేస్తున్నా. రిపోర్టు, సీడీ అందులోనే. సీడీ అడిగితేనే ఇస్తారు చాలాచోట్ల, కౌంటర్ దగ్గరే అడిగేయండి.

సీటీ స్కాన్ రాస్తే, రేడియేషన్ లేని అల్ట్రాసౌండ్‌తో గానీ ఎమ్మారైతో గానీ పని జరుగుతుందా అని డాక్టర్‌ని అడుగుతా. తప్పదంటే టెక్నీషియన్‌కి పిల్లాడి వయసు, బరువు చెప్పి, పిల్లలకి తగ్గ రేడియేషన్ డోసే పెట్టమంటా. అవసరమైన భాగం వరకే తీయమని కూడా.

తలకి దెబ్బ తగిలి వాంతులు, మగత ఉంటే మాత్రం ఈ ప్రశ్నలతో ఆలస్యం చేయకండి. డాక్టర్ చెప్పిన స్కాన్ వెంటనే తీయించండి.