వైవాహిక సంతృప్తి ప్రశ్నావళి: సప్రమాణత (కొలవాలనుకున్నదాన్నే కొలుస్తోందా అన్నది) పరీక్షకు ముందు జాగ్రత్తలు

□ అన్నిటికంటే ముందు దంపతుల భద్రత. భార్యాభర్తలను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఎవరి కవరు వారికివ్వండి. ఒకరి జవాబు మరొకరి కంటపడితే గొడవ రేగవచ్చు; హింస ఉన్న ఇంట్లో అది ప్రమాదమే. పైగా జీవిత భాగస్వామి పక్కనే ఉంటే "మేం బాగానే ఉన్నాం" అనే జవాబే వస్తుంది. అప్పుడు ప్రశ్నావళి మొహమాటాన్నే కొలుస్తుంది.

□ "నా భాగస్వామి నన్ను గౌరవిస్తారు, నా మాట వింటారు" వంటి వాక్యాన్ని రెండుగా విడగొట్టండి. గౌరవం ఉండి, మాట వినకపోతే ఏ గడిలో టిక్కు పెట్టాలి?

□ "మా మధ్య తరచూ గొడవలే" వంటి వ్యతిరేకార్థక వాక్యాల మార్కులు తిరగేశారా? లేకపోతే అసంతృప్తి కూడా సంతృప్తిగా లెక్కలోకి వస్తుంది.

□ క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే సంఖ్య) 0.90 వచ్చిందని సంబరపడకండి. అది విశ్వసనీయత సంగతి. సప్రమాణతను విడిగా నిరూపించాలి. పోలిక కోసం 1976 నాటి 32 అంశాల డయాడిక్ అడ్జస్ట్‌మెంట్ స్కేల్ (జంటల మధ్య సర్దుబాటును కొలిచేది) వంటి స్థిరపడిన కొలమానాన్ని అదే వ్యక్తులకు ఇవ్వండి. కుంగుబాటు కొలమానాన్నీ జతచేయండి. దానితో సహసంబంధం మరీ గట్టిగా ఉంటే, మీ ప్రశ్నలు దాంపత్యాన్ని వదిలి మనసులోని దిగులును కొలుస్తున్నాయేమో చూడాలి.

□ దంపతుల జవాబులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. 200 జంటలను 400 మంది విడి వ్యక్తులుగా విశ్లేషించకండి.

□ కారకాలను (ఒకే కోవకు చెందిన ప్రశ్నల గుంపుల వెనకున్న అంశాలను) ఏ నమూనాలో, అంటే ఏ జవాబుదారుల్లో, వెతికారో వారితోనే వాటిని నిర్ధారించకండి, కొత్తవారిని తీసుకోండి.