అద్దింటి గొడవకి ఫ్రీ లాయర్ ఎక్కడ దొరుకుతారు, టౌన్ బడ్జెట్లో మన మాట ఎలా పెట్టించాలి (విజయనగరం, శ్రీకాకుళం వాళ్ల కోసం)

మా వీధి చివర వెనక పోర్షన్లో ఉండే అప్ప ఒకరోజు సాయంత్రం కుట్టు పని నుంచి ఇంటికొచ్చేసరికి గుమ్మానికి తన తాళం మీద ఇంకో తాళం వేసి ఉంది. రెండు నెలల అద్దె బాకీ ఉన్న మాట నిజమే, కానీ మూడు నెలల అడ్వాన్సు ఓనర్ దగ్గరే ఉంది కదా. "ఓలమ్మా, తాళం ఏసీసినాడే, లోపల పిల్ల హాల్ టిక్కెట్ ఉండిపోయింది, ఏటి సేసీది ఇప్పుడు" అంటూ మా అరుగు మీద కూలబడిపోయింది.

అప్పుడు మేం చేసిన తెలివితక్కువ పని చెప్తాను, మీరు చేయకండి. మర్నాడు పొద్దున్నే ఆటో కట్టించుకుని పెద్దమనుషుల ఇళ్లు, ఆఫీసులు అని తిరిగాం. ఒకచోట ఇది మా పరిధి కాదన్నారు, ఇంకోచోట ఇది సివిల్ మేటరు అన్నారు, ఆటోకి మూడొందల యాభై అయింది. వాళ్లన్నది తప్పేం కాదు, మేం కొట్టిన తలుపే తప్పు. మూడో రోజున కూరగాయల దగ్గర కలిసిన ఒక గుమాస్తా గారు "కోర్టు కాంపౌండ్లోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది కదమ్మా, పైసా అక్కర్లేదు" అన్నారు. అక్కడ తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చాం, ఓనర్ కి కబురు వెళ్లింది, ఇద్దర్నీ కూర్చోబెట్టారు, బాకీ అడ్వాన్సులో సర్దేసి తాళం తీయించారు. అందరికీ ఇంత తొందరగా తేలిపోతుందని చెప్పను, మాది తేలింది అంతే.

అసలు జనానికి కన్ఫ్యూజన్ ఎక్కడొస్తుందంటే, ఫోన్లో వీడియోలు చూసి ఫలానా దేశంలో సిటీ కౌన్సిలే అద్దెకున్నవాళ్లకి లాయర్ ని పెడుతుందట, మనకెందుకు లేదు అని అడుగుతారు. నిజమే, న్యూయార్క్ సిటీ 2017లో అలాంటి చట్టం చేసింది, ఇల్లు ఖాళీ చేయించే కేసుల్లో పేద టెనెంట్లకి లాయర్ ని ఇవ్వాలని, దానికి డబ్బు సిటీ బడ్జెట్లోంచే వస్తుంది కాబట్టి అక్కడ ప్రతి ఏడాదీ ఆ పద్దు మీద వాదన నడుస్తుంది. మన దగ్గర రెండు సంచులు వేరు. లాయర్ సంచి, పేదలకి ఉచిత న్యాయ సాయం అందాలనే రాజ్యాంగం 39ఎ అధికరణ, దాన్ని పట్టుకుని వచ్చిన 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద ఉంటుంది, దాన్ని జిల్లాలో చూసుకునేది జడ్జీలు. రోడ్లు, కాలవలు, కుళాయి నీళ్లు, వీధి లైట్ల సంచి కార్పొరేషన్ దగ్గర ఉంటుంది. ఒకదాని దగ్గరికెళ్లి రెండోది అడిగితే మాలాగా ఆటో చార్జీలే మిగులుతాయి.

ముందు కాగితం

ఏ తలుపు కొట్టినా మొదట అడిగేది కాగితమే. కాబట్టి గొడవ రాకముందే ఇది చేసి పెట్టుకోండి, ఈ రాత్రి అన్నం తిన్నాక చేసినా సరే.

అద్దె చేతికిస్తున్నారా? అయితే పది రూపాయల నోటు పుస్తకం ఒకటి కొని, తేదీ, ఎంత, ఏ నెలది అని రాసి ఓనర్ చేత సంతకం పెట్టించుకోండి. మా అమ్మ ఇదే చేసేది, బియ్యం డబ్బా పక్కన మేకుకి తాడు కట్టి వేలాడదీసేది, తొమ్మిదేళ్ల సంతకాలున్నాయి అందులో, అట్ట మీద నూనె మరకలతో సహా. సంతకం అడిగితే నమ్మకం లేదనుకుంటారేమో అని మొహమాటపడతారు చాలామంది, "మా ఆయన లెక్క అడుగుతాడు పిన్నిగారూ" అనేయండి, అయిపోద్ది. ఫోన్‌పే చేస్తే నోట్ దగ్గర "జూన్ అద్దె" అని కొట్టండి, ఊరికే పంపేస్తే అది చేబదులు తీర్చాడని రేపు వాదిస్తారు.

అగ్రిమెంటు ఎప్పుడూ 11 నెలలకే ఎందుకు రాస్తారో తెలుసా, ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనే లెక్కతో, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. ఎన్నాళ్లకి రాసుకున్నా అడ్వాన్సు ఎంత ఇచ్చారో అంకెల్లో, అక్షరాల్లో రెండు రకాలుగానూ రాయించండి, ఖాళీ చేసేటప్పుడు ఎన్నాళ్లలో తిరిగివ్వాలో, రంగులకి కోత ఉంటే ఎంతో కూడా. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టంలో ఇంటికైతే అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని ఉంది, అది రాష్ట్రాలకిచ్చిన నమూనా మాత్రమే, అయినా బేరమాడేటప్పుడు చెప్పడానికి పనికొస్తుంది.

ఇంట్లో దిగిన రోజే గోడల చెమ్మ, పగిలిన టైల్, బాత్రూం తలుపు, కరెంటు మీటర్ రీడింగ్ ఫోటోలు తీసి ఓనర్ కే వాట్సాప్ చేయండి. మీ ఫోన్లో ఉంటే చాలదు, ఆయన ఫోన్ కి వెళ్లి రెండు టిక్కులు పడాలి.

ఓనర్ ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

ఖాళీ చేయమని అడగడం ఓనర్ హక్కే, కాదనలేం. కానీ నెల నెలా అద్దె మీద ఉన్న ఇంటికి, వేరే ఒప్పందం ఏమీ రాసుకోకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసిచ్చినా మీరు దిగకపోతే ఆయన కోర్టుకెళ్లి ఆర్డర్ తెచ్చుకోవాలి, తాళం వేయడం, సామాన్లు వీధిలో పెట్టడం, మోటర్ ఫ్యూజు పీకేయడం కాదు. ఇలా చట్టం దారిలో కాకుండా బయటికి పంపేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద మళ్లీ ఇంట్లోకి ప్రవేశం ఇప్పించమని దావా వేయొచ్చు, ఆరు నెలల్లోపు వేయాలి, ఆర్నెల్లు దాటితే ఆ దారి మూసుకుపోతుంది, అందుకే "పండగ వెళ్లాక చూద్దాం" అనుకోవద్దు. అడ్వాన్సు తిరిగి రాకపోతే దానికి మూడేళ్ల గడువు ఉంది.

కొట్టడం, బెదిరించడం, సామాన్లు విరగ్గొట్టడం జరిగితే మాత్రం అది సివిల్ మేటరు కాదు, 112కి ఫోన్ చేయండి.

కోర్టు గేటు లోపల

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ జిల్లా కోర్టుల కాంప్లెక్స్ కి వెళ్లి "న్యాయ సేవా సదన్ ఎక్కడండీ" అని అడగండి (న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు అదే), నల్లకోటు వేసుకున్న ఎవరైనా చూపిస్తారు. గేటు దగ్గరే ఎవరైనా "నేను చేయిస్తా రండి" అంటే నవ్వేసి ముందుకెళ్లిపోండి. జిల్లా సంస్థకి ఛైర్మన్ ప్రధాన జిల్లా జడ్జి గారు, రోజువారీ పని చూసేది సెక్రటరీ, ఆయనా జడ్జే. చిన్న కోర్టులున్న ఊళ్లలో మండల కమిటీలుంటాయి, బొబ్బిలి వాళ్లో టెక్కలి వాళ్లో జిల్లా కేంద్రం దాకా రానక్కర్లేదు. వెళ్లలేకపోతే 15100 టోల్ ఫ్రీ.

ఈ ఫ్రీ లాయర్ ని ఎవరికి ఇస్తారు అంటే, ఇది చాలామందికి తెలీదు: ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకీ అంతే, పిల్లలకి, వికలాంగులకి, ఫ్యాక్టరీ కార్మికులకి, తుఫాను లాంటి విపత్తులో నష్టపోయిన వాళ్లకీ అంతే. మిగతా వాళ్లకి మన రాష్ట్రంలో ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉండాలి. అంటే ఇంట్లో అగ్రిమెంటు భార్య పేరు మీద ఉంటే పని ఇంకా సులువు, నేను కొత్తగా పెళ్లైన వాళ్లందరికీ ఇదే చెప్తున్నా. ఇంకో సంగతి, ఇది అద్దెకున్నవాళ్లకే అని కాదు. మన ఊళ్లలో ఓనర్లందరూ మేడల వాళ్లు కాదు, రెండు గదులు అద్దెకిచ్చుకుని ఆ డబ్బుతో మందులు కొనుక్కునే ముసలమ్మలు ఎంతమంది లేరు, ఆర్నెల్లుగా అద్దె ఎగ్గొట్టినవాడి మీద ఆవిడ కూడా ఇదే తలుపు కొట్టొచ్చు.

ఆధార్, ఆదాయం లేదా కులం సర్టిఫికెట్ (మీకు ఏది వర్తిస్తే అది), అగ్రిమెంటు, అద్దె పుస్తకం, ఫోటోలు, అన్నిటికీ రెండేసి జిరాక్సులు. అర్జీలో మీ కథంతా రాయొద్దు, ఎప్పటి నుంచి ఉంటున్నారు, అద్దె ఎంత, ఏ తేదీన ఏం జరిగింది, మీకేం కావాలి, ఈ నాలుగే. రాయడం రాకపోతే అక్కడ పారాలీగల్ వాలంటీర్లు ఉంటారు, రాసిపెడతారు.

కేసు వేయకముందే ఇద్దర్నీ పిలిచి రాజీకి చూడటం ఒక దారి, దాన్ని ప్రీ లిటిగేషన్ అంటారు. కుదరకపోతే ప్యానెల్ లాయర్ ని, అంటే సంస్థ జాబితాలో ఉన్న లాయర్ ని ఇస్తారు, ఆయన ఫీజు సంస్థే కడుతుంది, కోర్టు ఫీజు కూడా మీ మీద పడదు. ఆ లాయర్ "ఖర్చులకి ఏమైనా" అంటే సెక్రటరీ గారికి రాసివ్వండి, భయపడక్కర్లేదు.

లోక్ అదాలత్ లో, అంటే రాజీతో గొడవలు తేల్చేచోట, సంతకం పెట్టే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. అక్కడ రాజీ అయితే అది కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. "నెలాఖరుకి ఖాళీ చేస్తాను" అని ఊపులో ఒప్పేసుకుని ఇంటికొచ్చాక పిల్లల పరీక్షలు గుర్తొస్తే చేసేదేం లేదు. కాగితం పైకి చదివించుకోండి, తేదీలు రెండుసార్లు.

ఇక బడ్జెట్ సంగతి

"ఇంటి పన్ను పెంచీసినారు బాబూ, అందుకే అద్దె ఐదొందలు పెంచుతున్నా" అనే మాట వినని వాళ్లుంటే చెప్పండి. ఇది లెక్కేద్దాం. మన రాష్ట్రంలో ఇంటి పన్ను ఇదివరకు ఇంటి అద్దె విలువ మీద వేసేవాళ్లు, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీదకి మార్చారు, ఇళ్లకి 0.10 నుంచి 0.50 శాతం లోపు, అయితే ఏ ఏడాదికా ఏడాది పెంపు 15 శాతం దాటకూడదని పెట్టారు. ఓనర్ ఏడాదికి 3,000 కడుతున్నాడనుకోండి, 15 శాతం అంటే 450, నెలకి ముప్పై ఏడున్నర రూపాయలు. ఐదొందలు ఎక్కడ, ముప్పై ఏడున్నర ఎక్కడ. పన్ను రసీదు చూపించమని మర్యాదగా అడగండి, గొడవ పడటానికి కాదు, బేరానికి.

ఆ పన్నంతా వెళ్లేది కార్పొరేషన్ బడ్జెట్లోకి. రెండు ఊళ్లూ 2015లో కార్పొరేషన్లయ్యాయి. విజయనగరం 50 డివిజన్లు. శ్రీకాకుళంలో ఏళ్ల తరబడి ఎన్నికల్లేక ప్రత్యేకాధికారి పాలనే నడిచింది, అలాంటప్పుడు అర్జీ ఇవ్వాల్సింది ప్రత్యేకాధికారికి, కమిషనర్ కి. కౌన్సిల్ ఉన్నచోట కార్పొరేటర్ కి, మేయర్ కి, నకలు కమిషనర్ కి. కొత్త లెక్క ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి మార్చిలో పేపర్లో వార్త చదివి పరిగెడితే లాభం లేదు, అప్పటికి అంకెలన్నీ కుదిరిపోయుంటాయి, డిసెంబరు, జనవరిల్లోనే ఇచ్చేయాలి.

పోయినేడాది బడ్జెట్ కాపీ కావాలంటే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, 30 రోజుల్లో ఇవ్వాలి, తెల్లరేషన్ కార్డు వాళ్లకి ఫీజు లేదు. చేతికొచ్చాక అంత లావు పుస్తకం చూసి బెదిరిపోకండి, జమల పేజీలో ఇంటి పన్ను, నీటి చార్జీలు, మున్సిపల్ షాపుల అద్దెలు చూడండి (అవును, కార్పొరేషన్ కూడా ఒక ఇంటాయనే), ఖర్చుల్లో మీ వీధికి సంబంధించిన నీళ్లు, కాలవ చూడండి.

అడిగేది చిన్నదిగా, చేయగలిగేదిగా ఉండాలి. "టెనెంట్లకి లాయర్లని పెట్టండి" అంటే పక్కన పడేస్తారు. "ప్రతి వార్డు సచివాలయం గోడ మీద 15100 నంబరు, అద్దె ఇంటి గొడవలకి ఎక్కడికెళ్లాలో ఒక బోర్డు రాయించండి, మూడు నెలలకోసారి న్యాయ సేవల వాళ్ల శిబిరానికి మున్సిపల్ హాలు ఫ్రీగా ఇవ్వండి" అని రాస్తే దానికయ్యేది పెయింటు డబ్బులే, ఏ కార్పొరేటరైనా కౌన్సిల్లో లేచి అడగగలడు, పేపర్లో ఆయన ఫోటో కూడా పడుద్ది. ఒక్కరి సంతకం కాకుండా వీధిలో పాతిక మంది అద్దె వాళ్ల సంతకాలు, ఇంటి నంబర్లతో. కలెక్టరేట్లో సోమవారం గ్రీవెన్స్ లో కూడా ఒక కాపీ ఇవ్వండి, రసీదు ఇస్తారు.

సంతకాలు తీసుకునేటప్పుడు మాకు తగిలిన ఎదురుదెబ్బ ఒకటుంది. పాతిక మందిలో పదకొండు మంది ఓటు పాత అద్దింటి అడ్రస్ లోనే ఉండిపోయింది, కొందరిది వేరే డివిజన్లో, ఒకాయనది ఏకంగా రాజాంలో. ఆ కాగితం చూసి కార్పొరేటర్ కి ఏం భయం ఉంటుంది చెప్పండి. ఇల్లు మారిన ప్రతిసారీ గ్యాస్ బుక్ మార్పిస్తాం, ఓటు మార్పించం. ఓటు అడ్రస్ మార్చే ఫారం 8 నింపి బీఎల్‌ఓకి (మీ పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగికి) ఇవ్వడమే, ఆన్‌లైన్లో కూడా అవుద్ది, మేం ముందు ఆ పదకొండు ఫారాలు నింపించి, తర్వాతే సంతకాల కాగితం పట్టుకెళ్లాం.